హెపారిన్ చక్కెర ముక్క బొమ్మ చూసి దాని పనితనం చెప్పడం ఎలా?

ఫార్మసీ, బయోకెమిస్ట్రీ చదివినవాళ్లలో చాలామందికి హెపారిన్ గురించి ఒక మాట కంఠతా వచ్చి ఉంటుంది: "దీనిమీద నెగటివ్ చార్జ్ విపరీతంగా ఉంటుంది, అందుకే రక్తం గడ్డకట్టనివ్వదు." మొదటి సగం నిజమే. ఆ "అందుకే" దగ్గరే చిక్కంతా. ఎనిమిది సల్ఫేట్లున్న అయిదు చక్కెరల ముక్క కంటే ఏడు సల్ఫేట్లున్న ఇంకో ముక్క గట్టిగా పనిచేస్తుంది. జంటకు నాలుగేసి సల్ఫేట్లు మోసే మరో చక్కెర గొలుసు మందు కాకపోగా, 2008లో మనుషుల ప్రాణాల మీదికి తెచ్చింది. కాబట్టి సల్ఫేట్లు లెక్కపెట్టి మార్కులు వేసే అలవాటుంటే ముందు అది మానుకోండి. ఏ సల్ఫేట్ ఏ చక్కెర మీద, ఏ కార్బన్ దగ్గర ఉంది? దాని ఇరుగుపొరుగు ఎవరు? మొత్తం గొలుసు ఎంత పొడుగు? చూడాల్సింది ఈ వరసలోనే.

చేతిలో ఉండాల్సినవి కాగితం, రెండు రంగుల పెన్నులు, మీరు అంచనా కట్టాలనుకుంటున్న ముక్క నిర్మాణం. అది పాఠ్యపుస్తకంలో బొమ్మ కావచ్చు, ఉద్యోగంలో ఉన్నవాళ్లకైతే బ్యాచ్ విశ్లేషణ పత్రం కావచ్చు. ఒక జాగ్రత్త: ఇది నిర్మాణాన్ని చదివే పద్ధతి. ఇంట్లో ఎవరికైనా ఈ ఇంజెక్షన్లు నడుస్తుంటే డోసు సంగతి డాక్టరుకే వదిలేయండి.

1. గొలుసును కాగితం మీద పరవండి

హెపారిన్‌లో రెండు రకాల చక్కెరలు ఒకదాని తర్వాత ఒకటి వస్తుంటాయి. ఒకటి యూరోనిక్ ఆమ్లం, ఇంకొకటి గ్లూకోసమైన్. ఒకదాని 1వ కార్బన్ పక్కదాని 4వ కార్బన్‌తో కలుస్తుంది. ఇప్పుడు మందుగా వాడే హెపారిన్ ఎక్కువగా పంది పేగు లోపొర నుంచి తీసింది. అందులో గొలుసులన్నీ ఒకే పొడవుండవు. 3,000 డాల్టన్ల (డాల్టన్ అంటే అణువుల బరువుకు కొలత) చిన్న ముక్కల నుంచి 30,000 డాల్టన్ల పెద్ద గొలుసుల దాకా కలగలిసి ఉంటాయి. సగటు 15,000 అనుకుంటే సుమారు యాభై చక్కెరలు.

గీసేటప్పుడు నాన్-రెడ్యూసింగ్ చివర ఎడమవైపు, రెడ్యూసింగ్ చివర (1వ కార్బన్ ఇంకో చక్కెరతో కలవని కొస) కుడివైపు వచ్చేలా పెట్టుకోండి. ఇదేదో మర్యాద కోసం కాదు, నాలుగో పనిలో ఎడమా కుడీ తారుమారైతే జవాబే తప్పిపోతుంది. ఆ తర్వాత ఒక్కో చక్కెర కింద దాని వివరం రాయండి. యూరోనిక్ ఆమ్లమైతే అది గ్లూకురోనికా, ఇడ్యూరోనికా? దాని 2వ కార్బన్ మీద సల్ఫేట్ ఉందా? గ్లూకోసమైన్ అయితే నైట్రోజన్ మీద ఉన్నది సల్ఫేటా, ఎసిటైలా? 6వ కార్బన్ మీద ఏముంది? 3వ కార్బన్ మీద ఏముంది?

గ్లూకురోనిక్‌కూ ఇడ్యూరోనిక్‌కూ తేడా 5వ కార్బన్ దగ్గర మాత్రమే. కణంలో గొలుసు తయారయ్యేటప్పుడు అన్నీ గ్లూకురోనిక్‌లుగానే పుడతాయి. ఎపిమరేజ్ అనే ఎంజైమ్ 5వ కార్బన్ దగ్గర కార్బాక్సిల్‌ను అవతలి వైపుకు తిప్పిన చోట అది ఇడ్యూరోనిక్ అవుతుంది. కాగితం మీద చిన్న మార్పే గానీ, మందు విషయంలో ఇది ప్రాణం లాంటిది. బొమ్మలో దీన్ని తేలిగ్గా దాటేయకండి.

ఇలా రాసుకుంటూ పోతే ఒకే జంట మళ్లీ మళ్లీ వస్తోందని గమనిస్తారు: 2వ కార్బన్ మీద సల్ఫేట్ ఉన్న ఇడ్యూరోనిక్, దాని పక్కన నైట్రోజన్ మీదా 6వ కార్బన్ మీదా సల్ఫేట్లున్న గ్లూకోసమైన్. పంది హెపారిన్‌లో ముప్పాతిక వంతు దాదాపు ఈ మూడు సల్ఫేట్ల జంటలే. చూడ్డానికి నిండుగా, చార్జ్‌తో కళకళలాడుతూ ఉంటుంది. కానీ ఈ జంటనే ఎన్నిసార్లు అతికించుకుంటూ పోయినా, రక్తంలోని యాంటీత్రాంబిన్ దాన్ని గట్టిగా పట్టుకోదు. యాంటీత్రాంబిన్ అంటే గడ్డకట్టించే ఎంజైమ్‌లను ఆపే ప్రొటీన్, హెపారిన్ ప్రధానంగా పనిచేసేది దాని ద్వారానే.

2. 3వ కార్బన్ మీద సల్ఫేట్ వెతకండి

ఇప్పుడు ఒక్కో గ్లూకోసమైన్ 3వ కార్బన్ దగ్గర వేలు పెట్టి చూస్తూ వెళ్లండి. మామూలుగా అక్కడ ఉత్త హైడ్రాక్సిల్ ఉంటుంది. సల్ఫేట్ కనిపిస్తే ఎర్ర పెన్నుతో చుట్టండి. మీ అంచనా మొత్తం ఆ చుట్టిన చోటు చుట్టూనే తిరుగుతుంది.

కణంలో ఈ సల్ఫేట్‌ను పెట్టే ఎంజైమ్ పేరు 3-ఓ-సల్ఫోట్రాన్స్‌ఫరేజ్. అది వరసలో అందరికంటే చివర వస్తుంది, పైగా మిగతా సల్ఫేట్లు తనకు నచ్చినట్టు అమరిన చోటే పనిచేస్తుంది. అందుకే ఈ గుర్తు అరుదు. 1976లో హెపారిన్‌ను యాంటీత్రాంబిన్ మీదుగా పంపి వేరుచేసి చూసినప్పుడు గట్టిగా అతుక్కున్నది మూడో వంతే. మిగతా రెండొంతుల గొలుసులకు చార్జ్‌లో లోటేమీ లేదు, అయినా ఈ పనిలో వాటి వాటా నామమాత్రం. ముక్కలో మిగతాదంతా అలాగే ఉంచి ఈ ఒక్క సల్ఫేట్ తీసేస్తే యాంటీత్రాంబిన్ పట్టు వేల రెట్లు పడిపోతుంది.

మీ బొమ్మలో ఇది ఎక్కడా లేకపోతే పక్కన "యాంటీత్రాంబిన్ దారి మూసుకుపోయింది" అని రాసుకోండి. అలాంటి గొలుసు బాగా పొడుగ్గా, అంటే ఇరవైకి పైగా చక్కెరలతో ఉంటే హెపారిన్ కోఫ్యాక్టర్ 2 అనే ఇంకో ప్రొటీన్ ద్వారా, రక్తాన్ని గడ్డకట్టించే త్రాంబిన్ అనే ఎంజైమ్‌ను కొంత ఆపగలదు. దానికి ప్రత్యేకమైన చక్కెర వరస అక్కర్లేదు. కానీ మోతాదు చాలా ఎక్కువ కావాలి, కాబట్టి మామూలు వాడకంలో దాన్ని లెక్కలోకి తీసుకోరు.

3. ఇరుగుపొరుగును పేరుపేరునా పరిశీలించండి

ఎర్రగా చుట్టిన చక్కెరను "ఎఫ్" అనండి. దానికి ఎడమవైపు రెండు చక్కెరలు "డి", "ఈ". కుడివైపు రెండు "జి", "హెచ్". ఈ అయిదూ కలిస్తేనే యాంటీత్రాంబిన్ గుర్తుపట్టే ముక్క. ఈ పనిలో తొందర పడకండి, మిగతావన్నీ కలిపినా ఇంత సమయం పట్టదు.

డి అంటే గ్లూకోసమైన్. దీని నైట్రోజన్ మీద ఎసిటైల్ ఉన్నా సల్ఫేట్ ఉన్నా యాంటీత్రాంబిన్ పట్టించుకోదు. 6వ కార్బన్ మీద సల్ఫేట్ మాత్రం ఉండి తీరాలి.

"ఈ" అని పేరుపెట్టిన చక్కెర గ్లూకురోనిక్ ఆమ్లమే అయి ఉండాలి, ఇడ్యూరోనిక్ పనికిరాదు. దీనిమీద సల్ఫేట్ ఉండదు. చార్జ్ లెక్కపెట్టేవాళ్లు దీన్ని పనికిమాలిన చక్కెర అనుకుంటారు. నిజానికి దీని కార్బాక్సిల్ లేకపోతే ముక్క పనిచేయదు. దీని సంగతి తేల్చే ప్రయోగం ఒకటుంది. పెరయొడేట్ అనే రసాయనం 2, 3 కార్బన్ల మీద ఖాళీ హైడ్రాక్సిల్ ఉన్న యూరోనిక్ ఆమ్లాలనే వెతికి, ఆ రెండు కార్బన్ల మధ్య బంధాన్ని తెంపుతుంది. సల్ఫేట్ ఉన్నవాటి జోలికి పోదు. హెపారిన్‌ను ఇలా చేస్తే ఒక్క సల్ఫేట్ కూడా పోదు, గొలుసు కూడా తెగదు, కానీ ఈ అనే ఉంగరం విచ్చుకుపోతుంది. దాంతో యాంటీత్రాంబిన్ మీద పట్టు పోతుంది. రక్తస్రావం భయం లేకుండా హెపారిన్ మిగతా గుణాలను వాడుకోవాలనుకున్నవాళ్లు ఈ కిటుకునే పట్టుకున్నారు. క్యాన్సర్‌లో హెపారనేజ్ ఎంజైమ్‌ను ఆపడానికి పరీక్షించిన రోనెపార్‌స్టాట్ అలా తయారైందే.

ఎఫ్ మీద 3వ కార్బన్ సల్ఫేట్ ఎలాగూ ఉంది. నైట్రోజన్ మీద కూడా సల్ఫేట్ ఉందో లేదో చూడండి, అది కూడా తప్పనిసరి. 6వ కార్బన్ మీద ఉన్నది ఆ రెండింటి తర్వాతే.

జి అంటే 2వ కార్బన్ మీద సల్ఫేట్ ఉన్న ఇడ్యూరోనిక్. ఇక్కడ సల్ఫేట్ కంటే ఉంగరం వంపు ముఖ్యం. మిగతా చక్కెరలు కుర్చీ ఆకారంలో బిగుసుకుని ఉంటాయి. ఇడ్యూరోనిక్ మాత్రం నిలకడ లేనిది, కుర్చీ నుంచి మెలితిరిగిన పడవ ఆకారంలోకి, మళ్లీ వెనక్కి మారుతుంటుంది. ఈ చక్కెరను ఒక్కో ఆకారంలో కదలకుండా బిగించిన ముక్కలను ఫ్రాన్స్‌లో తయారుచేసి, 2001లో ఫలితాలు ప్రచురించారు. మెలితిరిగిన పడవలో బిగించినదే యాంటీత్రాంబిన్‌కు నచ్చింది. జి స్థానంలో గ్లూకురోనిక్ గనక ఉంటే ఆ మెలిక తిరగడం దానివల్ల కాదు. మీ బొమ్మలో జి దగ్గర గ్లూకురోనిక్ ఉంటే నిర్మొహమాటంగా మార్కులు కొట్టేయండి.

హెచ్ గ్లూకోసమైన్. నైట్రోజన్ మీద సల్ఫేట్ కావాలి, 6వ కార్బన్ మీద కూడా ఉంటే పట్టు ఇంకాస్త పెరుగుతుంది. ఈ చక్కెర మీద కూడా 3వ కార్బన్ సల్ఫేట్ ఉంటే అదృష్టమే: అలాంటి ముక్క యాంటీ-10ఎ శక్తి, అంటే గడ్డకట్టించే ఫ్యాక్టర్ 10ఎను ఆపే శక్తి, దాదాపు రెట్టింపవుతుంది.

ఈ అయిదూ ఎందుకింత పట్టుదలగా అమరాలో తెలియాలంటే అవతలి పక్షాన్ని కూడా చూడాలి. యాంటీత్రాంబిన్ మీద పాజిటివ్ చార్జ్ ఉన్న అమైనో ఆమ్లాలు ఒక చోట గుమిగూడి ఉంటాయి. వాటిలో ముఖ్యమైనవి లైసిన్ 114, లైసిన్ 125, ఆర్జినిన్ 129. డి, ఈ, ఎఫ్ మూడూ ముందుగా వాటిమీద వాలతాయి. ఆ తాకిడికి ప్రొటీన్ ఆకారం మారుతుంది, అప్పుడు జి, హెచ్ కూడా కుదురుకుని పట్టు బిగుస్తుంది. ఆ మార్పుకు ఇంకో చివర, లోపలికి ముడుచుకుని ఉన్న ఒక ఉచ్చు లాంటి తీగ బయటికొస్తుంది. రక్తాన్ని గడ్డకట్టించే ఎంజైమ్ ఫ్యాక్టర్ 10ఎ ఆ తీగను ఆర్జినిన్ 393, సెరిన్ 394 మధ్య కొరకబోయి అక్కడే ఇరుక్కుపోతుంది. అయిదు చక్కెరలు చాలు, ఈ పని సుమారు 300 రెట్లు వేగంగా జరుగుతుంది. ఎంజైమ్ ఇరుక్కున్నాక చక్కెర ముక్క ఊడిపోయి ఇంకో యాంటీత్రాంబిన్ దగ్గరికి వెళుతుంది. కొద్ది మిల్లీగ్రాములతోనే పని జరిగిపోవడానికి కారణం ఇదే.

ఇక్కడే చేయి తిప్పుకోవడానికి రెండు ముక్కలు తీసుకోండి. మొదటిది ఫోండాపారినక్స్. ఇదే అయిదు చక్కెరల వరసను ఫ్రాన్స్‌లో షోయే, పెటిటూ, సినాయ్ బృందం 1983 నాటికే పూర్తిగా రసాయన పద్ధతిలో కట్టింది. దానికి చిన్న మార్పు చేసి, కుడి చివర మిథైల్ తొడిగితే అరిక్స్‌ట్రా అనే మందైంది, 2001లో అమెరికాలో అనుమతి వచ్చింది. సల్ఫేట్లు లెక్కపెట్టండి: డి మీద రెండు, ఈ మీద లేదు, ఎఫ్ మీద మూడు, జి మీద ఒకటి, హెచ్ మీద రెండు. మొత్తం ఎనిమిది. ఈ, జి కార్బాక్సిల్‌లు రెండూ కలిపితే పది చార్జ్‌లు. సీసా మీద పది సోడియంల ఉప్పు అని రాసి ఉండేది అందుకే. బరువు 1,728 డాల్టన్లు. యాంటీ-10ఎ శక్తి మిల్లీగ్రాముకు సుమారు 700 యూనిట్లు. తయారీకి యాభైకి పైగా మెట్లు ఎక్కాలి. దాని జనరిక్‌ను హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్ ఆస్ట్రేలియా కంపెనీ ఆల్కెమియా పద్ధతితో తయారుచేసి 2011లో అమెరికా అనుమతి తెచ్చుకుంది. ఇన్ని మెట్ల కెమిస్ట్రీని వాణిజ్యస్థాయిలో చేసి చూపించడం చిన్న విషయం కాదు.

రెండోది ఇడ్రాపారినక్స్. దీన్ని గీసి చూస్తే ముందు నిరాశే కలుగుతుంది. నైట్రోజన్ అన్నదే లేదు, నైట్రోజన్ మీది సల్ఫేట్ల స్థానంలో ఆక్సిజన్ మీది సల్ఫేట్లు. డి మీద ఒకటే సల్ఫేట్, 6వ కార్బన్ దగ్గర. జి మీద అసలు లేదు. ఖాళీ హైడ్రాక్సిల్‌లన్నిటికీ మిథైల్‌లు తొడిగారు. మొత్తం సల్ఫేట్లు ఏడు. కానీ ఎఫ్ మీద 3వ కార్బన్ సల్ఫేట్ ఉంది, హెచ్ మీద కూడా ఉంది. యాంటీత్రాంబిన్‌ను ఇది ఫోండాపారినక్స్ కంటే పదుల రెట్లు గట్టిగా పట్టుకుంటుంది. ఎంత గట్టిగా అంటే, ఫోండాపారినక్స్ అర్ధాయువు 17 నుంచి 21 గంటలైతే, ఇది రోజుల తరబడి రక్తంలోనే ఉండిపోతుంది. వారానికి ఒక్క ఇంజెక్షన్ చాలన్న ఆశతో పరీక్షించారు. రక్తస్రావం మొదలైతే మందును వెనక్కి లాగే దారి లేకపోవడం, అదే దాని మెడకు చుట్టుకుంది. మార్కెట్‌లోకి రాలేదు. చార్జ్ తక్కువైనా పట్టు ఎక్కువ అని నమ్మనివాళ్లకు నేను చూపించే బొమ్మ ఇదే.

4. ఇప్పుడు పొడవు కొలవండి

అయిదు చక్కెరల ముక్క 10ఎను ఆపుతుంది గానీ త్రాంబిన్‌ను ఆపడంలో దాదాపు చేతులెత్తేస్తుంది, వేగం రెట్టింపు కూడా పెరగదు. తీగ బయటికొచ్చినంత మాత్రాన త్రాంబిన్ రాదు. అది కూడా అదే చక్కెర గొలుసు మీద వాలి, పక్కనే ఉన్న యాంటీత్రాంబిన్ వైపు జరిగి రావాలి. రెండు ఎద్దులను ఒకే కాడికి కట్టాలంటే కాడి పొడుగుండాలి కదా, పొట్టిదైతే రెండో ఎద్దు మెడకు చోటెక్కడ? ఆ చోటు రావాలంటే గొలుసులో కనీసం 18 చక్కెరలుండాలి. అంతకు తక్కువైతే సహజ హెపారిన్ ముక్కల్లో త్రాంబిన్ పని సాగదు. పొడుగు గొలుసు దొరికిందంటే త్రాంబిన్‌ను ఆపే వేగం వెయ్యి రెట్లకు పైగా పెరుగుతుంది.

లెక్క ఇలా వేయండి. ఒక జంట సోడియం ఉప్పుగా సగటున 600 డాల్టన్లు. 18 చక్కెరలంటే 9 జంటలు, 5,400 డాల్టన్లు. ఈ సంఖ్యను పేజీ పైన రాసి పెట్టుకోండి.

ఇంకో షరతు ఉంది, దీన్ని చాలామంది మరిచిపోతారు. త్రాంబిన్ వాలేది అయిదు చక్కెరల ముక్కకు నాన్-రెడ్యూసింగ్ వైపు, అంటే మన బొమ్మలో ఎడమవైపు. గొలుసు పద్దెనిమిదే అయినా, డి గొలుసుకు ఎడమ కొసన ఉండి మిగతా పదమూడు చక్కెరలు కుడివైపు వేలాడుతుంటే త్రాంబిన్‌కు దక్కేది ఏమీ లేదు. మొదట్లో ఎడమా కుడీ జాగ్రత్తగా పెట్టమన్నది ఇందుకే.

అయితే త్రాంబిన్‌కు వరసతో పేచీ లేదు. అది చార్జ్ ఉన్న చోట ఎక్కడైనా వాలుతుంది. "చార్జ్ ఉంటే చాలు" అన్న మాట హెపారిన్‌లో నిజమయ్యేది ఈ ఒక్క మెట్టు దగ్గరే.

5. సగటును చూసి మోసపోకండి

ఒక్క అణువైతే పై నాలుగు పనులతో అయిపోతుంది. మార్కెట్లో ఉన్న తక్కువ బరువు హెపారిన్‌లు (పొడుగు గొలుసులను కోసి పొట్టిచేసినవి) మాత్రం మిశ్రమాలు. మన ఆసుపత్రుల్లో క్లెక్సేన్ పేరుతో అందరికీ తెలిసిన ఎనాక్సపారిన్‌నే చూడండి. సగటు 4,500 డాల్టన్లు. 600తో భాగిస్తే ఏడున్నర జంటలు, పదిహేను చక్కెరలు. పద్దెనిమిదికి చేరలేదు కాబట్టి త్రాంబిన్ మీద పనేమీ ఉండదని రాసేస్తే తప్పు. దాని నిర్దేశాల ప్రకారం 2,000 డాల్టన్ల లోపువి 20 శాతం వరకు, 8,000 దాటినవి 18 శాతం వరకు ఉండొచ్చు. ఆ పొడుగువాటిలో అయిదు చక్కెరల ముక్క ఉన్నవే త్రాంబిన్ భారం మోస్తాయి. చిన్నవాటిలో ఆ ముక్క ఉన్నవి 10ఎ పని మాత్రమే చేస్తాయి.

అందుకే విశ్లేషణ పత్రంలో సగటు కంటే ముందు బరువుల పంపకం చూడండి, తర్వాత యాంటీ-10ఎ, యాంటీ-2ఎ నిష్పత్తి చూడండి. 2ఎ అంటే త్రాంబినే. మామూలు హెపారిన్‌కు ఈ నిష్పత్తి 1. ఎనాక్సపారిన్‌కు 3.3 నుంచి 5.3 మధ్య ఉండాలి. డాల్టెపారిన్ కాస్త బరువైనది, సగటు 6,000 డాల్టన్లకు అటూఇటూ, కాబట్టి నిష్పత్తి తగ్గి 1.9 నుంచి 3.2 మధ్య ఉంటుంది. టింజాపారిన్ ఇంకా బరువు, 1.5 నుంచి 2.5. బరువు పెరిగేకొద్దీ నిష్పత్తి 1 వైపు దిగుతుంది. మీ అంచనా దీనికి ఎదురుగా ఉంటే ఎక్కడో లెక్క తప్పింది.

ఈ కారణంగానే "తక్కువ బరువు హెపారిన్" అన్న ఒకే గాటన అన్నిటినీ కట్టి, ఒకదాని బదులు ఇంకొకటి యూనిట్‌కు యూనిట్ మార్చడం నాకు సుతరామూ నచ్చదు. యూనిట్లు 10ఎ గురించే చెబుతాయి, త్రాంబిన్ గురించి నోరు విప్పవు.

6. చివరలు చూసి ఎలా కోశారో కనిపెట్టండి

గొలుసు రెండు కొసలూ దాని పుట్టుక చెబుతాయి. కుడి చివర మామూలు గ్లూకోసమైన్ బదులు అయిదు మూలల అన్‌హైడ్రోమానిటాల్ ఉంటే నైట్రస్ ఆమ్లంతో కోశారని అర్థం. డాల్టెపారిన్, నాడ్రోపారిన్ ఈ బాపతు. ఆ ఆమ్లం ఎసిటైల్ ఉన్న గ్లూకోసమైన్ దగ్గర తెంపదు, నైట్రోజన్ మీద సల్ఫేట్ ఉన్న చోటే తెంపుతుంది. ఎడమ చివర యూరోనిక్‌లో 4, 5 కార్బన్ల మధ్య డబుల్ బాండ్ ఉంటే అది క్షారంతో కోసిన ఎనాక్సపారిన్ కావచ్చు, హెపారినేజ్ ఎంజైమ్‌తో కోసిన టింజాపారిన్ కావచ్చు. ఈ డబుల్ బాండ్ 232 నానోమీటర్ల అతినీలలోహిత కాంతిని పీల్చుకుంటుంది కాబట్టి ల్యాబ్‌లో పట్టుకోవడం తేలిక. కుడి చివర 1, 6 కార్బన్లు ముడిపడి రెండు ఉంగరాలైన గొలుసులు 15 నుంచి 25 శాతం కనిపిస్తే అది ఎనాక్సపారిన్ సంతకం.

ఈ కొసల వల్ల శక్తి నేరుగా పెద్దగా మారదు. కానీ కత్తి ఏదైనా, ఎఫ్ పక్కనే పడితే అయిదు చక్కెరల ముక్క రెండుగా చీలిపోతుంది. కోసిన ప్రతిసారీ కొంత సొత్తు అలా పోతుంది. మామూలు హెపారిన్‌లో మూడో వంతు గొలుసులకు ఉండే ముక్క, కోసిన తర్వాత అంతకంటే తక్కువ గొలుసుల్లో మిగలడానికి కారణం అదే.

7. అంచనాను పరీక్షలతో సరిపెట్టండి

అంచనా కట్టాక, ఈ ముక్క ఏ పరీక్షలో ఎలా కనిపించాలో ముందే రాసి పెట్టుకుని తర్వాత ఫలితం చూడండి. రక్తం ఎంతసేపట్లో గడ్డకడుతుందో కొలిచే ఏపీటీటీ పరీక్ష త్రాంబిన్ మీద ఎక్కువగా ఆధారపడుతుంది, కాబట్టి పొడుగు గొలుసులకు బాగా స్పందిస్తుంది. ఫోండాపారినక్స్ లాంటి పొట్టి ముక్కకు అది దాదాపు కదలదు. అలాంటప్పుడు యాంటీ-10ఎ పరీక్షే దిక్కు.

ప్రోటమైన్ విరుగుడు సంగతి కూడా నిర్మాణం నుంచే చెప్పొచ్చు. అది పాజిటివ్ చార్జ్ ఉన్న ప్రొటీన్, పొడుగు గొలుసులనే బాగా చుట్టేస్తుంది. మామూలు హెపారిన్‌ను పూర్తిగా విరుస్తుంది, ఎనాక్సపారిన్ యాంటీ-10ఎ శక్తిని సుమారు 60 శాతమే తగ్గిస్తుంది, ఫోండాపారినక్స్‌ను ఏమీ చేయలేదు. 2014లో ఎంజైమ్‌ల సాయంతో కట్టిన పన్నెండు చక్కెరల ముక్క ఇక్కడ చూడదగ్గది. త్రాంబిన్‌కు చాలనంత పొట్టి, ప్రోటమైన్‌కు దొరికేంత పొడుగు. పొడవుకు ఒకటి కాదు, పనికొకటి చొప్పున వేర్వేరు గీతలున్నాయని ఇది చూపిస్తుంది. హెపారిన్ వల్ల ప్లేట్‌లెట్లు పడిపోయే ప్రమాదం కూడా పొడవుతో, మొత్తం చార్జ్‌తో పెరిగేదే. ప్లేట్‌లెట్ ఫ్యాక్టర్ 4 అనే ప్రొటీన్‌ను గుంపుగా కట్టగల గొలుసు ఉంటేనే ఆ తంతు మొదలవుతుంది, అయిదు చక్కెరలకు ఆ శక్తి చాలదు.

పొట్టి ముక్కలు శరీరం నుంచి వెళ్లేది ప్రధానంగా కిడ్నీల ద్వారా. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్లకు ఫోండాపారినక్స్ ఇవ్వకూడదని దానిమీదే రాసి ఉంటుంది.

8. ఆఖరుగా ఒక దొంగను పట్టండి

2007 చివర, 2008 మొదట్లో అమెరికాలో హెపారిన్ ఎక్కించిన రోగులకు ఉన్నట్టుండి రక్తపోటు పడిపోయి, ఊపిరి ఆడక, కొందరు చనిపోయారు. చైనా నుంచి వచ్చిన ముడి హెపారిన్‌లో అతిగా సల్ఫేట్ ఎక్కించిన కొండ్రాయిటిన్ అనే వేరే చక్కెర గొలుసు కలిసి ఉందని తేలింది. దాన్ని మన పద్ధతిలోనే గీసి చూడండి. గ్లూకోసమైన్ లేదు, దాని స్థానంలో గెలాక్టోసమైన్, నైట్రోజన్ మీద ఎసిటైల్. యూరోనిక్ గ్లూకురోనికే, దాని 2, 3 కార్బన్ల మీద సల్ఫేట్లు. గెలాక్టోసమైన్ మీద 4, 6 దగ్గర సల్ఫేట్లు. జంటకు నాలుగు, హెపారిన్ సగటు కంటే ఎక్కువ. రెండో పని దగ్గరే ఆగిపోతాం: 3వ కార్బన్ మీద సల్ఫేట్ ఉన్న గ్లూకోసమైన్ లేదు కాబట్టి ఎఫ్ లేదు, యాంటీత్రాంబిన్ దారీ లేదు. ఆ చార్జ్ అంతా రక్తంలో కల్లిక్రిన్ అనే ఎంజైమ్‌ను రెచ్చగొట్టి, రక్తనాళాలను వదులు చేసే బ్రాడికినిన్‌ను పుట్టించడానికి పనికొచ్చింది, రక్తపోటు పడిపోయింది దానివల్లే.

మరి అప్పటి నాణ్యతా పరీక్షల్లో ఎలా నెగ్గింది? రక్తం గడ్డకట్టే సమయాన్ని మొత్తంగా కొలిచే పాత పరీక్ష, అది ఏ దారిలో ఆలస్యమైందో అడగదు. చార్జ్ ఎక్కువున్న గొలుసు ఏదైనా ఆ గడియారాన్ని కొంత నెమ్మది చేస్తుంది. ఆ తర్వాత అమెరికా ఫార్మకోపియా పద్ధతి మార్చి, యాంటీ-2ఎ శక్తిని విడిగా కొలవాలంది, యాంటీ-10ఎకు యాంటీ-2ఎకు నిష్పత్తి 0.9, 1.1 మధ్యే ఉండాలంది, మిల్లీగ్రాముకు 180 యూనిట్లకు తగ్గకూడదంది. అణువు నిర్మాణాన్ని గీతలుగా చూపే ఎన్‌ఎమ్‌ఆర్ పరీక్షను కూడా తప్పనిసరి చేసింది. మీ దగ్గర ఆ స్పెక్ట్రమ్ ఉంటే ఎసిటైల్ మిథైల్ గీతలుండే చోటికి వెళ్లండి. హెపారిన్‌ది 2.04 పీపీఎమ్ (ఆ స్పెక్ట్రమ్ కొలబద్ద) దగ్గర ఉంటుంది. 2.08 దగ్గర ఇంకో గీత ఉంటే డెర్మటాన్ సల్ఫేట్ అనే వేరే చక్కెర గొలుసు మిగిలిపోయింది, శుద్ధి సరిగ్గా జరగలేదు. 2.15 దగ్గర కనిపిస్తే అది పైన చెప్పిన కొండ్రాయిటిన్ దొంగే, మిగతా పరీక్షలన్నీ ఎంత బాగున్నా ఆ బ్యాచ్‌కు తాళం వేసి పైవాళ్లకు చెప్పండి.